మిర్రర్‌లెస్సా, పాత డీఎస్ఎల్ఆరా? కొనే ముందు చేయాల్సిన పనులు, వరసగా

"అన్నా, 50 వేలున్నాయి. కొత్త మిర్రర్‌లెస్ తీసుకోవాలా, సెకండ్ హ్యాండ్ డీఎస్ఎల్ఆర్ తీసుకోవాలా?"

అనంతపురంలో కెమెరా చేతపట్టుకుని తిరిగేవాడికి ఈ ప్రశ్న తప్పదు. (డీఎస్ఎల్ఆర్ అంటే లోపల అద్దం ఉండే, లెన్స్ మార్చుకునే కెమెరా; మిర్రర్‌లెస్ అంటే అదే రకం, అద్దం లేకుండా.) ధర్మవరంలో చీరలమ్మే కుర్రాళ్లు అడుగుతారు, ఇంజనీరింగ్ పిల్లలు అడుగుతారు, తాడిపత్రి వైపు పెళ్లిళ్లకు సెకండ్ కెమెరాకు వెళ్లేవాళ్లూ అడుగుతారు. నేను ఎదురు ప్రశ్న వేస్తాను: "దేన్ని తీస్తావు, ఏ వెలుతుర్లో?" చాలామంది దగ్గర జవాబుండదు. అది తేలకుండా మోడళ్ల పేర్లు మాట్లాడుకోవడం దండగ. కాబట్టి అక్కడ్నుంచే మొదలుపెడదాం.

1. ముందు ఫోన్ గ్యాలరీ తెరవండి

గత మూడు నెలల్లో మీరు ఫోన్‌తో తీసినవన్నీ ఒకసారి పైనుంచి కిందికి చూడండి. పక్కన ఒక కాగితం పెట్టుకుని ఇవి రాయండి:

- ఫొటోలెన్ని, వీడియోలెన్ని?
- ఎండలోనా, ట్యూబ్‌లైటు కిందా, రాత్రి సీరియల్ లైట్ల కిందా?
- ఎదురుగా ఉన్నది కదిలేదా, కదలనిదా?
- చివరికి చూసేది ఎక్కడ? ఫోన్‌లోనా, ఆల్బమ్‌లోనా?

ఈ మధ్య ధర్మవరం నుంచి ఒక తమ్ముడు వచ్చాడు. పట్టుచీరల వ్యాపారం. వాళ్ల మామ చెప్పాడని డీఎస్ఎల్ఆర్ కొనడానికి సిద్ధమైపోయాడు. గ్యాలరీ తీయమంటే పదింటికి ఎనిమిది వీడియోలే. చీర కొంగు కెమెరా దగ్గరికి తెచ్చి జరీ చూపించడం, మళ్లీ వెనక్కి జరగడం. ఆ పనికి పాత డీఎస్ఎల్ఆర్ ఎంత చవగ్గా దొరికినా నష్టమే. ఎందుకో మూడో అంకెలో చెబుతాను.

"అన్నీ తీస్తానన్నా" అనేవాళ్లకు ఒకటే మాట. అన్నీ తీయండి, కానీ కాగితం మీద ఏది ఎక్కువసార్లు పడిందో దానికే కొనండి.

2. డబ్బును ముందే ముక్కలు చేయండి

బాడీ (లెన్స్ లేని కెమెరా), కిట్ లెన్స్ (కెమెరాతోపాటే వచ్చేది) కలిపి మీ మొత్తంలో మూడింట రెండు వంతులు దాటకూడదు. మిగతాది రెండో లెన్స్‌కు, రెండో బ్యాటరీకి, మెమరీ కార్డుకు, పనిని బట్టి ఫ్లాష్‌కో మైకుకో. ఈ గీత దాటినవాళ్లు ఏడాదిపాటు కిట్ లెన్స్‌తోనే కాలక్షేపం చేసి, "ఫోన్‌లోనే బాగొస్తోంది" అని కెమెరాను బీరువాలో పెట్టేస్తారు.

లెక్క చూడండి. తాడిపత్రి చింతల వెంకటరమణ స్వామి గుడి మండపంలోకి సాయంత్రం వెళ్లారు. కిట్ లెన్స్ కాస్త జూమ్ చేస్తే అపర్చర్ (లెన్స్‌లో వెలుతురు దూరే కంత; ఎఫ్ అంకె చిన్నదైతే కంత పెద్దది) ఎఫ్/5.6 దగ్గర ఆగుతుంది. ఫొటో షేక్ కాకుండా రావాలంటే ఐఎస్ఓ (వెలుతురును కెమెరా ఎంత పెంచాలో చెప్పే అంకె; పెరిగేకొద్దీ ఫొటోలో గింజలు పెరుగుతాయి) 6400 పెట్టాల్సి వచ్చిందనుకుందాం. అదే చోట, అదే షట్టర్ స్పీడుతో (షట్టర్ తెరిచి ఉండే సమయం) ఎఫ్/1.8 లెన్స్ పెడితే ఐఎస్ఓ 640 దరిదాపుల్లో సరిపోతుంది. అంటే దాదాపు పదో వంతు. బాడీ మార్చితే ఇంత తేడా రాదు.

అందుకే ఫొటోలే ముఖ్యమైతే, తక్కువ వెలుతుర్లో కిట్ లెన్స్‌తో ఉన్న కొత్త మిర్రర్‌లెస్ కంటే 50 ఎంఎం ఎఫ్/1.8 తగిలించిన పాత డీఎస్ఎల్ఆరే నయం. దుకాణంలో ఈ మాట ఎవరూ చెప్పరు. పైగా కొత్త కెనాన్ మిర్రర్‌లెస్‌లతో వచ్చే 18-45 కిట్ లెన్స్ మొదలయ్యేదే ఎఫ్/4.5 దగ్గర. పాత 18-55లు ఎఫ్/3.5 నుంచి ఉంటాయి.

ఒక చిన్న జాగ్రత్త: ఈ రేంజ్ కెమెరాల మీద 50 ఎంఎం అంటే బాగా దగ్గరగా కనిపిస్తుంది. చిన్న గదిలో గోడకు ఆనుకుని నిలబడ్డా ఫ్రేములో నలుగురు పట్టరు. ఇంట్లో, షాపులో తీసేవాళ్లు 35 ఎంఎం చూడండి.

3. అసలు తేడాలు ఎక్కడున్నాయి

వీడియో ఫోకస్. డీఎస్ఎల్ఆర్‌లో ఫోకస్ చూసే సెన్సర్ అద్దం కింద ఉంటుంది. వీడియో మొదలుపెట్టగానే అద్దం పైకి లేస్తుంది, ఆ సెన్సర్‌కు ఇక ఏమీ కనిపించదు. అప్పుడు కెనాన్ 1500డీ, నికాన్ డీ5600 లాంటివి ముందుకీ వెనక్కీ తడుముకుంటాయి. చీర కొంగు ముందుకొచ్చినప్పుడు జరీ మసకబారి, రెండు సెకన్ల తర్వాత తేరుకుంటుంది. మిర్రర్‌లెస్‌లో ఈ బాధ లేదు. డీఎస్ఎల్ఆర్‌లలో కెనాన్ 80డీ, 200డీ మార్క్ 2 లాంటి కొన్ని మినహాయింపు. వాటిలో డ్యూయల్ పిక్సెల్ ఫోకస్ (ఫొటో పట్టే సెన్సరే ఫోకస్ కూడా చూసుకునే ఏర్పాటు) ఉంది, వీడియోలోనూ పర్వాలేదనిపిస్తాయి.

కన్ను పట్టడం. కొత్త మిర్రర్‌లెస్ మనిషి కంటిని వెతికి పట్టుకుంటుంది. తలంబ్రాల సమయంలో పెళ్లికూతురు తల అటూ ఇటూ తిప్పుతున్నా ఫోకస్ కంటి మీదే ఉంటుంది. 1500డీలో ఉన్నవి 9 ఫోకస్ పాయింట్లు, అవీ మధ్యలోనే. నమ్మదగింది నడిమి పాయింటు. దానితో ఫోకస్ పట్టి ఫ్రేము సర్దుకోవడం చేతికి అలవాటైతే పని జరుగుతుంది, కానీ అలవాటయ్యేదాకా పాపిటబిళ్ల షార్పుగా, కళ్లు మసగ్గా వస్తాయి.

ఎండ. ఇది మన జిల్లా వాళ్లు ప్రత్యేకంగా పట్టించుకోవాల్సిన సంగతి. సోనీ జడ్‌వీ-ఈ10, నికాన్ జడ్30 మిర్రర్‌లెస్‌లకు వ్యూఫైండర్ (కన్ను ఆనించి చూసే కిటికీ) లేదు, వెనక స్క్రీన్ ఒక్కటే. మే నెల మధ్యాహ్నం గుత్తి కోట మీద నిలబడి ఆ స్క్రీన్ చూడండి. మీ మొహం తప్ప ఏమీ కనిపించదు. బయట ఎక్కువగా తీసేవాళ్లు వ్యూఫైండర్ ఉన్నదే తీసుకోవాలి. మిర్రర్‌లెస్‌లో కెనాన్ ఆర్50, నికాన్ జడ్50 లాంటివి. డీఎస్ఎల్ఆర్ అయితే ఏదైనా.

బ్యాటరీ. కంపెనీల లెక్క ప్రకారం ఒక చార్జింగ్‌కు నికాన్ డీ3500 1550 ఫొటోలు, డీ5600 970, కెనాన్ 1500డీ 500 ఇస్తాయి. జడ్‌వీ-ఈ10 440, జడ్30 330. రాత్రి రిసెప్షన్, తెల్లవారుజామున ముహూర్తం ఉన్న పెళ్లికి మిర్రర్‌లెస్‌తో వెళ్తే మూడు బ్యాటరీలు లేకుండా బయల్దేరొద్దు. ఆ ఖర్చు కూడా రెండో అంకెలోని లెక్కలోకే రావాలి.

నేర్చుకోవడం. మిర్రర్‌లెస్‌లో ఫొటో ఎంత వెలుతురుగా వస్తుందో క్లిక్ చేయకముందే కనిపిస్తుంది. డీఎస్ఎల్ఆర్‌లో తీశాకే తెలుస్తుంది. డీఎస్ఎల్ఆర్‌తో అయితేనే బాగా నేర్చుకుంటారని పెద్ద కెమెరామన్లు అంటుంటారు. నాకైతే అంత నమ్మకం లేదు.

4. మీ కాగితం చూసి నిర్ణయించుకోండి

సగం కంటే ఎక్కువ వీడియో అయితే మిర్రర్‌లెస్. ఇంకో ఆలోచన వద్దు. ఇంట్లోనో షాపులోనో తీస్తే జడ్‌వీ-ఈ10, జడ్30 చాలు. బయట తిరిగితే ఆర్50.

పది శాతం వీడియో, మిగతా అంతా ఫొటోలు, డబ్బు బిగువు అయితే పాత డీఎస్ఎల్ఆర్, దానితో ఒక ఎఫ్/1.8 లెన్స్. నాకు నచ్చినవి నికాన్ డీ7200, కెనాన్ 80డీ. రెండూ బరువే, కానీ చేతికి నిండుగా ఉంటాయి. డీ7200లో రెండు కార్డులు పడతాయి; పెళ్లి ఫొటోలు తీసేవాడికి అదొక్కటే సగం టెన్షన్ తగ్గిస్తుంది.

అటూ ఇటూ సమానంగా ఉంటే 200డీ మార్క్ 2 గానీ 80డీ గానీ చూడండి.

పక్షులు తీయాలనుకునేవాళ్లు, వీరాపురం చింతచెట్ల మీద వాలే ఎర్రకాళ్ల కొంగల కోసం ఏటా వెళ్లేవాళ్లు, డబ్బంతా టెలిఫొటో లెన్స్ (దూరంగా ఉన్నదాన్ని దగ్గరగా చూపేది) మీద పెట్టాలి. 80డీకి పాత 55-250 ఎస్‌టీఎం తగిలిస్తే మొదటి రెండేళ్లకు చాలు.

పెళ్లి పనిలోకి దిగి సంపాదించాలనుకునేవాళ్లు, ఇప్పుడు పాత డీఎస్ఎల్ఆర్ కొన్నా రేపు మిర్రర్‌లెస్‌కు మారక తప్పదని గుర్తుంచుకోండి. కెనాన్, నికాన్ 2020 తర్వాత కొత్త డీఎస్ఎల్ఆర్ తేలేదు. అలాగని ఇప్పుడు కొన్న లెన్సులు వృథా పోవు. కెనాన్ డీఎస్ఎల్ఆర్ లెన్సులు (ఈఎఫ్, ఈఎఫ్-ఎస్) అడాప్టర్‌తో ఆర్ సిరీస్ మిర్రర్‌లెస్‌ల మీద ఆటోఫోకస్‌తో సహా పనిచేస్తాయి. నికాన్ డీఎస్ఎల్ఆర్ ఏఎఫ్-ఎస్ లెన్సులు ఎఫ్‌టీజడ్ అడాప్టర్‌తో జడ్ సిరీస్ మిర్రర్‌లెస్‌ల మీద పనిచేస్తాయి.

5. బ్రోచర్‌లో కనిపించని కిటుకులు

ఫ్లాష్. కెనాన్ 1500డీ, 200డీ మార్క్ 2 ఫ్లాష్ తగిలించే చోట నడిమి పిన్ను లేదు. అంటే చవకరకం మాన్యువల్ ఫ్లాష్‌లు, ఆ పిన్ను మీదే నడిచే స్టూడియో ట్రిగ్గర్లు (స్టూడియో లైట్లను వెలిగించేవి) వాటి మీద పనిచేయవు. ఆర్50కి పాత ఫ్లాష్ పెట్టాలంటే విడిగా అడాప్టర్ కొనాలి. సోనీ జడ్‌వీ-ఈ10 రెండో తరంలో మెకానికల్ షట్టర్ లేదు, దానితో ఫ్లాష్ వాడటమే కుదరదు. చీరలకు స్టూడియో లైట్లు పెట్టి ఫొటోలు కూడా తీద్దామనుకునేవాళ్లు ఇది చదవకుండా కొని తర్వాత తల పట్టుకుంటారు.

మైకు. 1500డీకి, డీ3500కు మైకు గుచ్చే రంధ్రమే లేదు. కాలర్ మైకుతో మాట్లాడే వీడియోలు చేయాలంటే ఈ రెండూ పక్కన పెట్టేయండి.

నికాన్ ఏఎఫ్-డి లెన్సులు. ఇవి సొంత మోటార్ లేని పాత లెన్సులు. సెకండ్ హ్యాండ్‌లో 50 ఎంఎం ఎఫ్/1.8డి చవగ్గా కనిపిస్తుంది. డీ3500, డీ5600 బాడీల్లోనూ ఫోకస్ తిప్పే మోటార్ లేదు కాబట్టి వాటి మీద ఆటోఫోకస్ పనిచేయదు. డీ7200 మీద పనిచేస్తుంది. ఎఫ్‌టీజడ్ అడాప్టర్ మీద కూడా దానికి ఆటోఫోకస్ రాదు.

6. సెకండ్ హ్యాండ్ పరీక్ష: పగటిపూట, తొందర లేకుండా

ఒకసారి నేను ఒక పాత బాడీని సాయంత్రం ఆరున్నరకు, ట్యూబ్‌లైటు కింద చూసి కొన్నాను. "చానా తక్కువ వాడిన పీసన్నా" అన్నాడు అమ్మినతను. నాలుగు ఫొటోలు తీశాను, స్క్రీన్ మీద బాగానే ఉన్నాయి. మర్నాడు పొద్దున మేడ మీద ఆకాశం తీస్తే పైమూలలో మిరియపు గింజల్లా ఏడెనిమిది మచ్చలు. లెన్స్‌ను వెలుతురుకు ఎత్తి చూస్తే లోపలి గాజు మీద సాలెగూడులా సన్నటి గీతలు. ఫంగస్. మన ఊరి పొడిగాలికి ఫంగస్ అంత తొందరగా పట్టదు. కానీ ఆ లెన్స్ ఎక్కడెక్కడ తిరిగి వచ్చిందో ఎవరికి తెలుసు? సముద్రం పక్క ఊళ్ల నుంచి వచ్చిన సామాను మరీ జాగ్రత్తగా చూడాలి.

అప్పట్నుంచి సొంత మెమరీ కార్డు, ల్యాప్‌టాప్, టార్చ్, ఐదు అగ్గిపెట్టెలు లేకుండా కెమెరా చూడ్డానికి వెళ్లను. అమ్మేవాళ్లు నవ్వితే నవ్వనీండి. ఈ వరసలో చేయండి:

మొదట చేతులతో. రబ్బరు గ్రిప్ ఉబ్బిందా, ఊడివస్తోందా? ఎండలో కార్లో వదిలేసిన కెమెరాలకు ఇది మామూలే. బ్యాటరీని బల్ల మీద పెట్టి తిప్పండి. బొంగరంలా తిరిగితే అది ఉబ్బిపోయినట్టే. స్క్రూల తలలు అరిగి ఉంటే ఎవరో విప్పారని అర్థం.

తర్వాత లెన్స్. రెండు మూతలూ తీసి, అపర్చర్ పూర్తిగా తెరిచి, వెనక నుంచి టార్చ్ వేసి చూడండి. నాలుగు దుమ్ము కణాలున్నా ఫొటోకు ఏమీ కాదు. దారాల్లాంటి గీతలు, పాలపొర లాంటి మసక ఉంటే వద్దు. జూమ్ తిప్పినప్పుడు ఇసుక రాసుకుంటున్న చప్పుడు వచ్చినా వద్దు.

సెన్సర్. అపర్చర్ ఎఫ్/16, మాన్యువల్ ఫోకస్, తెల్లగోడో ఆకాశమో తీయండి. ల్యాప్‌టాప్‌లో పెద్దది చేసి మూలలు చూడండి. మెత్తటి బూడిదరంగు చుక్కలైతే దుమ్ము, శుభ్రం చేయించొచ్చు. ఎన్నిసార్లు తీసినా కదలని గట్టి గీత ఉంటే అది గీరుకుపోయిన గుర్తు, లేచి వచ్చేయండి. డీఎస్ఎల్ఆర్ వ్యూఫైండర్‌లో కనిపించే మరకలకు మాత్రం భయపడక్కర్లేదు, అవి ఫొటోలో రావు.

ఫోకస్ కొలత. ఇది డీఎస్ఎల్ఆర్‌కు మాత్రమే, చాలామంది వదిలేసేదీ ఇదే. ఐదు అగ్గిపెట్టెలను ఒకదాని వెనక ఒకటి, కొంచెం పక్కకు జరిపి నిలబెట్టండి. అపర్చర్ పూర్తిగా తెరిచి, వ్యూఫైండర్‌లోంచి నడిమి పెట్టె మీద ఫోకస్ చేసి మూడు ఫొటోలు తీయండి. తర్వాత లైవ్ వ్యూలో (వెనక స్క్రీన్ చూసి తీయడం) పెట్టి అదే పెట్టె మీద మూడు తీయండి. లైవ్ వ్యూలో నడిమి పెట్టె మీది అక్షరాలు స్పష్టంగా ఉండి, వ్యూఫైండర్‌తో తీసినవాటిలో ముందు పెట్టెదో వెనక పెట్టెదో స్పష్టంగా ఉంటే ఫోకస్ ముందుకో వెనక్కో తప్పిందన్నమాట. 80డీ, డీ7200 మెనూలో దాన్ని సరిచేసుకునే సెట్టింగ్ ఉంది. 1500డీ, డీ5600లో లేదు. ఇంకో లెన్స్‌తోనూ అలాగే వస్తే ఆ బాడీ జోలికి పోవద్దు.

షట్టర్ కౌంట్. అంటే ఇప్పటిదాకా షట్టర్ ఎన్నిసార్లు క్లిక్కుమందో ఆ లెక్క. నికాన్ అయితే ఎడిట్ చేయని జేపీజీ ఫైల్ సమాచారంలోనే సంఖ్య ఉంటుంది. కెనాన్‌లో ఎక్కువ మోడళ్లకు కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కు కలిపి సాఫ్ట్‌వేర్‌తో చూడాలి. డీ7200 షట్టర్‌ను లక్షన్నర క్లిక్కులకు పరీక్షించామని నికాన్ చెబుతుంది. లక్ష దాటిన బాడీ పనిచేయదని కాదు, ధర మాత్రం ఆ మేరకు దిగాలి.

చివరగా:
- మూత పెట్టి 2 సెకన్ల ఎక్స్‌పోజర్: మెరిసే చుక్కలు ఎన్ని?
- ప్రతి బటన్, ప్రతి డయల్ ఒకసారి
- లోపలి ఫ్లాష్ వెలుగుతోందా
- కార్డు తీసి పెట్టి, తీసి పెట్టి రెండుసార్లు
- ఐదు నిమిషాల వీడియో
- సీరియల్ నంబర్, పాత బిల్లు మీది నంబర్ ఒకటేనా

బిల్లు లేదంటే కనీసం అమ్మేవారి గుర్తింపు కార్డు కాపీ, సంతకంతో ఒక కాగితం తీసుకోండి. ఇవ్వనంటే కారణం అడగాల్సిన పనిలేదు.

7. కొత్తది కొంటే

జీఎస్టీ బిల్లు, దాని మీద సీరియల్ నంబర్, ఇండియా వారంటీ. ఈ మూడూ లేకుండా "బెంగళూర్లో రెండు వేలు తక్కువకు ఇప్పిస్తా" అనే వాళ్ల మాట వినొద్దు. బాక్సు దుకాణంలోనే విప్పించి, పదిహేను నిమిషాలు ఆన్ చేసి ఉంచి చూడండి. "కాంబో ఆఫర్" అని అంటగట్టే ట్రైపాడ్, బ్యాగు, ఫిల్టర్ మూడూ వద్దని, ఆ డబ్బుకు ఒరిజినల్ బ్యాటరీ అడగండి.

ఇంకొకటి. ఆర్50 రా ఫైళ్లు (జేపీజీగా మార్చని ముడి ఫొటోలు) సీఆర్3 రకం. ఇంట్లో కంప్యూటర్, అందులోని ఫొటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ రెండూ పాతవైతే అవి తెరుచుకోవు.

8. మొదటి వారం

రోజూ ఒకే వస్తువు. నేనైతే వాకిట్లో తులసికోటను పొద్దున ఆరున్నరకు, మధ్యాహ్నం ఒంటిగంటకు, సాయంత్రం లైటు వేశాక తీయమంటాను. ఫుల్ ఆటో వద్దు, అపర్చర్ ప్రయారిటీలో (అపర్చర్ మీరు పెడితే షట్టర్ స్పీడు కెమెరా చూసుకునే మోడ్) పెట్టండి. ఆటో ఐఎస్ఓకు 3200 హద్దు పెట్టండి. కనీస షట్టర్ స్పీడు సెట్టింగ్ ఉంటే 1/125. రా, జేపీజీ రెండూ దాచుకోండి. ఏడో రోజు ఇరవయ్యొక్క ఫొటోలనూ పక్కపక్కన పెట్టి చూస్తే మీ కెమెరా ఎక్కడ తడబడుతుందో మీకే తెలుస్తుంది.

9. తరచూ వచ్చే తలనొప్పులు

ఫంక్షన్ హాల్లో వీడియోలో అడ్డగీతలు పాకుతున్నాయి. మన కరెంటు 50 హెర్ట్జ్. షట్టర్ 1/50 లేదా 1/100 పెట్టండి. ఫొటోల్లో వస్తే ఎలక్ట్రానిక్ షట్టర్ ఆన్‌లో ఉందేమో చూసి ఆపేయండి.

చీర రంగు అసలు రంగులా రావడం లేదు. కిటికీ వెలుతురు, ట్యూబ్‌లైటు రెండూ కలిసి పడుతుంటాయి. ఏదో ఒకటి ఆపేయండి. తెల్లకాగితం మీద కస్టమ్ వైట్ బ్యాలెన్స్ (ఈ వెలుతుర్లో తెలుపంటే ఇదీ అని కెమెరాకు చూపడం) పెట్టాకే మొదలుపెట్టండి.

పెళ్లి ఫొటోల్లో చేతులు షేక్. షట్టర్ 1/60కి దిగిపోయి ఉంటుంది. ఐఎస్ఓ పెంచడానికి భయపడొద్దు. గింజలు గింజలుగా ఉన్న ఫొటో ఆల్బమ్‌లోకి వెళ్తుంది, షేకైన ఫొటో వెళ్లదు.

ఎండలో కెమెరా వీడియో ఆపేస్తోంది. చిన్న మిర్రర్‌లెస్ 4కేలో తీస్తుంటే లోపల వేడెక్కుతుంది. స్క్రీన్‌ను బాడీ నుంచి బయటికి తిప్పి పెట్టండి, నీడలో నిలబడండి, అవసరం లేనప్పుడు 1080లో తీయండి.

ఆకాశంలో మచ్చలు మళ్లీ మళ్లీ. మిర్రర్‌లెస్‌లో లెన్స్ తీయగానే సెన్సర్ ఎదురుగా ఉంటుంది, డీఎస్ఎల్ఆర్‌లో కనీసం అద్దం అడ్డం ఉంటుంది. ఆషాఢం గాలికి వేరుశనగ చేల పక్కన లెన్స్ మార్చారంటే ఎర్రమట్టి లోపలికి పోయినట్టే. మార్చక తప్పకపోతే కారెక్కి అద్దాలు ఎత్తండి, ఏసీ ఆపండి, కెమెరా ఆఫ్ చేసి మూతి నేలవైపు వంచండి. రెండో లెన్స్ వెనకమూత సగం తిప్పి సిద్ధంగా పెట్టుకున్నాకే మొదటిది తీయండి. లోపల దుమ్ము కనిపిస్తే నోటితో ఊదొద్దు, తుంపర పడి అతుక్కుంటుంది. రబ్బరు బ్లోయర్ బ్యాగులోనే ఉండాలి.